సఫ్రాన్‌బోలు కొనాక్: ఒక కుటుంబం, రెండు ఇళ్ళు

టర్కీ ఉత్తర భాగంలో, నల్ల సముద్రపు తీరానికి కాస్త లోపలగా, కొండల నడుమ లోయలో ఒదిగిన పాత ఊరు సఫ్రాన్‌బోలు. ఒట్టోమన్ల ఏలుబడిలో కలిగిన కుటుంబాలు ఎలాంటి ఇళ్ళలో బతికాయో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు ఆ దేశంలో మరొకటి కనిపించదు. అలాంటి ఇంటిని అక్కడ కొనాక్ అంటారు. రాతి గోడల మీద కొయ్య చట్రంతో లేచిన రెండు, మూడు అంతస్తుల ఇల్లది. తాత, కొడుకులు, కోడళ్ళు, మనవలు, పనివాళ్ళు, పశువులు అందరూ ఒకే కప్పు కింద ఉండేందుకు కట్టుకున్నది. 18, 19 శతాబ్దాలలోను, 20వ శతాబ్దం తొలినాళ్ళలోను కట్టిన ఇలాంటి ఇళ్ళు ఊళ్ళో వందల సంఖ్యలో నిలిచి ఉన్నాయి. మసీదులు, స్నానశాలలు, సత్రాలు, చలివేంద్రాల వంటి నీటి ధారలు కూడా కలుపుకుంటే రక్షిత జాబితాకెక్కిన కట్టడాలు వెయ్యికి పైమాటే. 1994లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత చిన్న ఊరికి ఇన్ని పెద్ద ఇళ్ళు బాట వల్ల వచ్చాయి. 13వ శతాబ్దం నుంచి రైలు వచ్చేదాకా తూర్పు పడమరల మధ్య సరుకు మోసే ఒంటెల, కంచరగాడిదల బిడారులకు సఫ్రాన్‌బోలు ముఖ్యమైన మజిలీ. పాత మసీదు, పాత స్నానశాల, సులేమాన్ పాషా మదరసా 1322 నాటివి. 17వ శతాబ్దంలో ఊరి వైభవం పతాకస్థాయికి చేరింది. ఈ ఊరి నుంచే వెళ్ళి సుల్తాన్ ఇబ్రహీం కొలువులో పలుకుబడి సంపాదించిన జింజి హోజా 1645లో ఇక్కడ పెద్ద రాతి సత్రం కట్టించాడు. ప్రధాన వజీరు కోప్రులు మెహ్‌మెద్ పాషా పేరిట 1661లో మసీదు వెలిసింది. దాని పక్కనే చెప్పులు కుట్టేవాళ్ళ అంగళ్ళ వీధి. తోళ్ళు ఊనే పని, యెమెని అనే పలుచని తోలు చెప్పుల తయారీ, కమ్మరం, రాగి సామాను ఊరికి అన్నం పెట్టాయి. చుట్టుపక్కల పొలాల్లో పండే కుంకుమపువ్వు ఊరికి పేరే పెట్టింది. సఫ్రాన్‌బోలు నుంచి ఇస్తాంబుల్ వెళ్ళి రొట్టెల బట్టీలు పెట్టుకున్న కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. వాళ్ళు రాజధానిలో సంపాదించి, ఆ డబ్బుతో సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకునేవారు. రాజధాని సంపన్నుల అభిరుచి కూడా ఆ డబ్బుతో పాటే ఊరికి చేరింది.

ఈ కుటుంబాల జీవితంలో అన్నిటికంటే విశేషం, ఒక్కో ఇంటివారికి రెండేసి ఇళ్ళు ఉండడం. చలికాలపు ఇల్లు లోయలో, బజారు చుట్టూ ఉన్న చుకూర్ అనే పల్లపు పేటలో ఉంటుంది. రెండు వాగులు చెక్కిన ఆ పల్లంలో చలిగాలి తగలదు, అంగడి దగ్గర, మసీదు దగ్గర. వేసవి ఇల్లు ఊరికి ఎగువన, బాగ్‌లర్ అనే ద్రాక్షతోటల మిట్ట మీద ఉంటుంది. ఎండలు ముదిరే వేళకు ఇంటిల్లిపాదీ పరుపులు, పాత్రలు సర్దుకుని మిట్టకు ఎక్కేవారు. మగవాళ్ళు పొద్దున దిగి దుకాణాలు చూసుకుని సాయంత్రానికి తిరిగి పైకి చేరేవారు. అక్కడి వేసవి విశ్రాంతి కోసం ఏర్పడింది కాదు. ద్రాక్షరసం కాచి పాకం తీయడం, పండ్లు ఎండబెట్టడం, చారుకు వాడే పులిసిన పిండిని ఆరబోసి దాచుకోవడం, ఇవన్నీ అక్కడే సాగేవి. చలి మొదలయ్యేసరికి ఏడాది తిండితో మళ్ళీ లోయకు దిగేవారు. ఈ రాకపోకలు తెలియకపోతే ఇంటి కట్టుబడిలో సగం అర్థం కాదు. బాగ్‌లర్ ఇళ్ళు విశాలమైన తోటల మధ్య విడివిడిగా ఉంటాయి. చుకూర్ ఇళ్ళు వాలు మీద ఒకదాని భుజం మీదుగా మరొకటి చూస్తున్నట్టు దగ్గర దగ్గరగా ఉంటాయి. మూడో పేట కిరాన్‌కోయ్‌లో గ్రీసుతో కుదిరిన 1923 నాటి జనాభా మార్పిడి ఒప్పందం దాకా క్రైస్తవులు ఉండేవారు. అక్కడ కింద దుకాణం, పైన నివాసం. గోడలు ఎక్కువగా రాతివి.

చుకూర్ వీధులు సన్నగా, కొండ వాలును అనుసరించి వంకర్లు తిరుగుతూ పోతాయి. వాననీరు నిలవకుండా రాతి పలకలు పరిచారు. వీధుల వంకర వల్ల అక్కడి స్థలాలేవీ చతురస్రంగా ఉండవు. మేస్త్రీలు ఈ చిక్కును విడదీసిన తీరు గొప్పది. కింది అంతస్తు రాతి గోడను స్థలం హద్దు ఎలా తిరిగితే అలాగే తిప్పారు. వీధివైపు కిటికీలు లేని ఆ గోడ చూడ్డానికి తోట ప్రహరీలా ఉంటుంది. పై అంతస్తుకు వచ్చేసరికి కొయ్య దూలాలను గోడ దాటించి వీధి మీదికి జరిపి, గదులను చక్కని చతురస్రాలుగా తెచ్చుకున్నారు. ముందుకు పొడుచుకొచ్చిన ఆ భాగాన్ని ఏటవాలు కొయ్య ఊతలు మోస్తాయి. కింద వంకర, పైన సాపు. బయటివాళ్ళకు అందంగా కనిపించే ఆ మెట్లు మెట్ల ముఖభాగం వెనక ఉన్నది ఈ లెక్కే. ముందుకు వచ్చిన గదికి మూడు వైపులా కిటికీలు దొరుకుతాయి. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళకు వీధి రెండు చివరలా కనిపిస్తుంది. కొయ్య బద్దల జాలీ ఉండడం వల్ల వీధిలో వాళ్ళకు లోపల ఎవరున్నదీ తెలియదు. ఎగువన ఇల్లు కట్టేవాడు దిగువ ఇంటి ఎండనూ చూపునూ అడ్డగించకూడదన్న మర్యాద ఊరంతా పాటించింది. నేటికీ పక్క కొండ మీద నిలబడి చూస్తే ప్రతి కప్పూ, ప్రతి కిటికీ వరుసా విడిగా కనిపిస్తాయి.

గోడల కట్టుబడిని హిమిష్ అంటారు. కొనాక్‌ను కొనాక్‌గా నిలిపేది ఇదే. కింది అంతస్తు రాతి గోడలో మధ్య మధ్య అడ్డంగా కొయ్య పట్టీలు వేసి గోడను కట్టడి చేస్తారు. ఆ గోడ తల మీద బరువైన దూలం పరుస్తారు. దాని మీద నిలువు స్తంభాలు, వాటిని పట్టి ఉంచే ఏటవాలు బద్దలు, పైన మరో దూలం. అక్కడితో ఒక అంతస్తు పూర్తవుతుంది. పై అంతస్తుకు మళ్ళీ కొత్త చట్రం మొదలు. పునాది నుంచి కప్పు దాకా సాగే పొడవాటి స్తంభాలు అక్కర్లేదు. చుట్టుపక్కల కొండల్లో దొరికే పైన్, ఫర్ జాతి చెట్ల పొట్టి మానులు చాలు. చట్రంలో మిగిలిన గళ్ళను పచ్చి ఇటుకతో, అడుసుతో నింపుతారు. దాని మీద గడ్డి కలిపిన మట్టి పూత, ఆపైన సున్నం. బరువు తగ్గించవలసిన చోట, ఉదాహరణకు ముందుకు పొడుచుకొచ్చిన గదుల గోడల్లో, ఇటుకకు బదులు సన్నని కొయ్య బద్దలు దగ్గర దగ్గరగా కొట్టి పూత పూస్తారు. కప్పు నాటు పెంకుది. చూరును బాగా వెడల్పుగా వదులుతారు, ఎందుకంటే మట్టి గోడకు వానే తొలి శత్రువు.

ఈ గోడకు రెండు గుణాలు ఉన్నాయి. మొదటిది, భూమి కంపించినప్పుడు అది ఒక్కసారిగా కూలిపోదు. చట్రం కీళ్ళు కొద్దిగా కదులుతాయి, నింపిన ఇటుకల మధ్య రాపిడి పుట్టి కుదుపు బలం అక్కడ ఖర్చయిపోతుంది. పూత రాలుతుంది, ఇటుకలు కొన్ని జారుతాయి, ఇల్లు మాత్రం నిలబడుతుంది. 1999 ఆగస్టు 17న వాయవ్య టర్కీలో వచ్చిన పెను భూకంపంలో కొత్త కాంక్రీటు అంతస్తులు పేకమేడల్లా కూలి వేలమంది చనిపోయినచోట, పాత హిమిష్ ఇళ్ళు చాలావరకు మనుషుల ప్రాణాలు తీయలేదని అక్కడ పరిశీలించిన ఇంజనీర్లు గుర్తించారు. రెండో గుణం, ఈ ఇంటిని ముక్కలు ముక్కలుగా బాగు చేసుకోవచ్చు. పుచ్చిన స్తంభాన్ని తీసి మరొకటి పెట్టడానికి ఇల్లు కూల్చనక్కర్లేదు. రెండు వందల ఏళ్ళ ఇల్లు అంటే రెండు వందల ఏళ్ళుగా మరమ్మతులు జరుగుతున్న ఇల్లని అర్థం. దాని లోపం నిప్పు. ఇస్తాంబుల్‌లోని కొయ్య కొనాక్‌లు అగ్నిప్రమాదాల్లో పేటలకు పేటలు బూడిదయ్యాయి. సఫ్రాన్‌బోలులో ఇళ్ళ మధ్య తోటలు, రాతి ప్రహరీలు మంటలు పాకకుండా చాలాసార్లు అడ్డుపడ్డాయి.

తలుపు దాటగానే హయాత్. రాతి పలకలు పరిచిన, నీడగా, చల్లగా ఉండే కింది అంతస్తు ఇది. తోటవైపు కొయ్య బద్దల అల్లికలోంచి వెలుతురూ గాలీ వస్తాయి. పశువుల కొట్టం, కట్టెల దొడ్డి, ధాన్యపు గాదెలు, పెద్ద కాగుల పొయ్యి, అన్నీ ఇక్కడే. మధ్య అంతస్తు కప్పు కిందికి ఉంటుంది. చలిలో త్వరగా వేడెక్కాలి గనుక రోజువారీ బతుకు, వంట, ముసలివాళ్ళ గది ఈ అంతస్తులోనే. పై అంతస్తు ఎత్తైనది, వెలుతురుది, ఇంటి పరువు చూపించేది. అతిథులను కూర్చోబెట్టే గది, చెక్కడపు పనితనంతో కూడిన పైకప్పులు అక్కడ ఉంటాయి.

పై అంతస్తు నడిమి భాగం సోఫా. మన గోదావరి మండువా లోగిళ్ళలో గదులన్నీ తెరిచిన వాకిలి చుట్టూ తిరిగితే, ఇక్కడ కప్పు ఉన్న ఈ నడిమి సావడి చుట్టూ తిరుగుతాయి. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పండుగలు, ఎడతెగని మాటలు అన్నిటికీ అదే చోటు. సఫ్రాన్‌బోలు వడ్రంగులు గదుల మూలలను ఏటవాలుగా కోసి, తలుపులను ఆ మూలల్లో పెట్టారు. తలుపు తెరిస్తే లోపలి మనిషి నేరుగా కంటపడడు. వచ్చినవాడు రెండడుగులు పక్కకు తిరిగితే గాని గది కనిపించదు. ఆ రెండడుగుల్లో లోపలివాళ్ళు సర్దుకుంటారు.

ఒట్టోమన్ ఇంట్లో ప్రతి గదీ దానికదే ఒక ఇల్లు. పెళ్ళయిన ప్రతి కొడుకుకూ ఒక గది. ఆ దంపతులు అందులోనే కూర్చుంటారు, తింటారు, నిద్రపోతారు, స్నానం చేస్తారు. ఇన్ని పనులకు ఒక్క గది సరిపోవాలంటే అందులో సామాను ఉండకూడదు. కుర్చీలు లేవు, మంచాలు లేవు, బల్లలు లేవు. కిటికీల కింద గోడ పొడవునా సెదిర్ అనే అరుగు, దాని మీద పరుపులు, దిళ్ళు. తినే వేళకు నేల మీద గుడ్డ పరిచి, పీట మీద పెద్ద గుండ్రటి రాగి పళ్ళెం పెడితే చుట్టూ కూర్చుంటారు. తిన్నాక పళ్ళెం పోతుంది, గది మళ్ళీ ఖాళీ. తలుపు పక్క గోడంతా కొయ్య అల్మరాలు. వాటిలో పెద్దది యుక్లుక్. రాత్రి దానిలోంచి పరుపులు దిగుతాయి, పొద్దున మడతపెట్టి లోపల పెడతారు. అదే అల్మరా వరుసలో ఒక తలుపు తీస్తే గుసుల్‌హానే అనే చిన్న స్నానపు అర ఉంటుంది. ఒక మనిషి కూర్చుని నీళ్ళు పోసుకునేంత చోటు, నీరు బయటికి పోయే తూము. ఎదుటి గోడలో పొగగొట్టం ఉన్న పొయ్యి గదిని వెచ్చగా ఉంచుతుంది, స్నానానికి నీళ్ళు కాచి ఇస్తుంది. తలుపు ఎత్తున గది చుట్టూ సన్నని కొయ్య అర సాగుతుంది. దాని కింద ఉన్నదంతా చేతికి అందే వాడకపు లోకం. పైన తెల్లని గోడ, ఆపైన పైకప్పు. సన్నని బద్దలను లెక్క ప్రకారం అమర్చి చేసిన నక్షత్రాలు, మధ్యలో చెక్కిన పద్మం వంటి బొడ్డు, డబ్బున్నవాడు తన హోదా చూపించుకునే చోటు అదొక్కటే. కింద అంత నిరాడంబరంగా, పైన అంత పనితనంతో ఉండడమే ఈ గదుల అసలు సొగసు.

పెద్ద కొనాక్‌లలో ఇల్లు రెండుగా విడిపోతుంది. బయటి మగవాళ్ళు వచ్చే సెలామ్‌లిక్, కుటుంబం మసలే హరేమ్‌లిక్. హైదరాబాద్ దేవిడీల్లో మర్దానా, జనానా భాగాలను చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. రెండు భాగాలకూ వేరువేరు వాకిళ్ళు ఉంటాయి. అతిథులకు వడ్డన ఎలా అంటే, రెండింటి మధ్య గోడలో గుండ్రంగా తిరిగే అల్మరా ఒకటి అమర్చారు. అటునుంచి ఆడవాళ్ళు పళ్ళెం పెట్టి తిప్పితే ఇటు మగవాళ్ళు అందుకుంటారు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు, మర్యాదకు లోటు రాదు. ఆ కాలపు ఆడవాళ్ళ కట్టుబాట్లు ఎంత బిగువుగా ఉండేవో కూడా ఆ అల్మరాయే చెబుతుంది. ఇంటి అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి మరుగుపరచడం న్యాయం కాదు.

అస్మాజ్‌లర్ కుటుంబపు కొనాక్‌లో ఇంటి లోపలే, అతిథుల గది నడుమ, నీటి కొలను ఉంది. చుట్టూ సెదిర్, మధ్యలో నిండుగా నీరు. వేసవిలో గది చల్లబడుతుంది. ధార పడే చప్పుడుకు ఇక్కడి మాటలు పక్క గదికి వినపడవు. నిప్పంటుకుంటే చేతికందేంత దూరంలో నీళ్ళు ఉంటాయి. ఒక్క కొలను మూడు పనులు చేస్తుంది. టర్కీ టూరింగ్ అండ్ ఆటోమొబైల్ క్లబ్ ఈ ఇంటిని బాగు చేయించి అతిథిగృహంగా మార్చింది. ఆ సంస్థను నడిపిన చెలిక్ గ్యులర్‌సోయ్ ఇస్తాంబుల్‌లో ఎన్నో పాత కట్టడాలకు ప్రాణం పోసిన మనిషి.

కైమకామ్‌లర్ ఇల్లు మరో దారి పట్టింది. సఫ్రాన్‌బోలు సైనిక శిబిరపు అధికారి హాజీ మెహ్‌మెద్ ఎఫెందీ కుటుంబానిది ఈ ఇల్లు. ఆయన హోదాను బట్టి ఇంటికి ఆ పేరు స్థిరపడింది. ప్రభుత్వం దాన్ని బాగు చేసి మ్యూజియంగా తెరిచింది. హయాత్ నుంచి పై అంతస్తు పైకప్పు దాకా కొనాక్ అంగాలన్నీ ఒకేచోట, వరుసలో చూడాలంటే ఇదే తగిన ఇల్లు. లోపం ఒక్కటే. బొమ్మలకు పాత దుస్తులు తొడిగి గదుల్లో కూర్చోబెట్టినప్పుడు గది సంగతి తెలుస్తుంది గాని గదిలోని జీవితం తెలియదు.

ఇన్ని ఇళ్ళు మిగలడానికి కారణం ఊరిని సంపద వదిలిపెట్టడం. రైలు వచ్చింది, బిడారులు ఆగిపోయాయి. 1937లో పక్కనే, అప్పటికి కొద్ది గుడిసెల పల్లెగా ఉన్న కారబూక్‌లో టర్కీ తొలి పెద్ద ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. ఉద్యోగాలు అటు, కొత్త అపార్ట్‌మెంట్లు అటు. సఫ్రాన్‌బోలు వాళ్ళు అక్కడ పని చేసి పాత ఇళ్ళకు తిరిగి వచ్చారు, లేదా పాత ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. పాతది కూల్చి కొత్తది కట్టేంత గిరాకీ ఈ లోయలో పుట్టలేదు. 1970ల నాటికి మాత్రం ఆ ముప్పు గడపలోకి వచ్చింది. యూరప్ అంతటా కట్టడాల వారసత్వ సంవత్సరం జరుపుకున్న 1975లో, మేయర్ కిజిల్తాన్ ఉలుకావాక్ చొరవతో ఊరి పురపాలక సంఘం, ఇస్తాంబుల్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి సఫ్రాన్‌బోలు ఇళ్ళ మీద వారం పాటు ఉత్సవం, చర్చలు నిర్వహించాయి. మరుసటి ఏడాది ఊరు రక్షిత ప్రాంతమైంది. ఆ రోజుల్లోనే సుహా అరిన్ తీసిన ‘సఫ్రాన్‌బోలుదా జమాన్’ అనే డాక్యుమెంటరీ ఈ ఊరిని దేశమంతటికీ చూపించింది. తమ పాత ఇంటిని చూసి సిగ్గుపడేవాళ్ళు గర్వపడడం మొదలుపెట్టారు. చట్టం కంటే ఆ మార్పే ఎక్కువ మేలు చేసింది.

ఇంటిని నిలబెట్టడం కుటుంబానికి తేలిక కాదు. తాత పేరున ఉన్న ఇల్లు మనవల నాటికి చాలామంది వారసుల వాటాల్లోకి వెళుతుంది. ఒకరు అమ్ముదామంటే ఇంకొకరు వద్దంటారు. ఈలోగా పెంకులు జారి నీరు దిగుతుంది. సొంత డబ్బుతో కప్పు మార్చుకోలేని యజమాని మీద ఇంటిని కదపవద్దన్న నిబంధన మాత్రం ఉంటుంది. 2004లో వచ్చిన చట్టసవరణ ఈ భారాన్ని కొంత పంచుకుంది. స్థిరాస్తి పన్ను మీద పదో వంతు అదనంగా వసూలు చేసి, వారసత్వ కట్టడాల రక్షణకు స్థానిక సంస్థల ద్వారా ఖర్చు పెట్టే ఏర్పాటు అది. మిగిలిన దారి పర్యాటకం. చాలా కుటుంబాలు ఇంటిని చిన్న హోటల్‌గా మార్చుకున్నాయి. అతిథులకు కావలసిన స్నానాల గదిని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇంట్లోనే దొరికింది. గుసుల్‌హానే ఉన్న అల్మరా వరుసలోనే కుళాయి, షవర్ అమర్చారు. బయటికి ఆ అల్మరా తలుపులే కనిపిస్తాయి. పాత ఏర్పాటు కొత్త అవసరాన్ని ఇంత తేలిగ్గా తనలో కలుపుకోవడం మెచ్చదగ్గ విషయం.

మెచ్చకూడనివి కూడా ఉన్నాయి. మట్టి పూత రాలినచోట సిమెంటు పూయడం వాటిలో మొదటిది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. లోపలి స్తంభం చడీచప్పుడు లేకుండా కుళ్ళిపోతుంది, పైకి గోడ కొత్తగా మెరుస్తూ ఉంటుంది. అంతకంటే చెడ్డది, ఇల్లంతా కూల్చి కాంక్రీటు స్తంభాలు లేపి, వాటి మీద కొయ్య పలకలు అతికించి పాత కొనాక్ అనడం. టర్కీలోని చాలా ఊళ్ళలో ఇది జరిగింది. అలాంటి ఇంట్లో చూరూ కిటికీలూ పాత కొలతల్లోనే ఉండవచ్చు గాని, భూకంపాన్ని తట్టుకునే చట్రమూ, ముక్క ముక్కగా బాగుపడే గుణమూ పోయాయి. సఫ్రాన్‌బోలు ఇప్పటికీ మెరుగ్గా ఉందంటే పచ్చి ఇటుక కట్టే మేస్త్రీలు, బద్దల పైకప్పు తెలిసిన వడ్రంగులు, తలుపు గడియలు, గొళ్ళేలు కొట్టే కమ్మరులు ఊళ్ళోనే పని దొరికి బతుకుతున్నారు గనుక. బజారులో కమ్మరి వీధి నేటికీ నడుస్తోంది. కుంకుమపువ్వు సాగు కూడా చుట్టుపక్కల పల్లెల్లో కొద్దిగా మిగిలి ఉంది. కిలో కుంకుమపువ్వుకు సుమారు లక్షన్నర పూలు కోయాలి, కాబట్టి అది పెద్ద పంట కాలేదు.

తెలుగు యాత్రికులు టర్కీ అంటే ఇస్తాంబుల్, కప్పడోకియా మాత్రమే చూసి వస్తుంటారు. అంకారా నుంచి సఫ్రాన్‌బోలుకు బస్సులో సుమారు మూడు గంటల ప్రయాణం. పగటిపూట వీధుల్లో ఫొటోలు తీసుకుని తిరిగి వెళ్ళిపోకుండా, ఏదైనా కుటుంబం నడిపే కొనాక్‌లో ఒక రాత్రి ఉండాలి. వీలైతే అక్టోబరు చివర్లో, కుంకుమపువ్వు పూచే రోజుల్లో వెళ్ళాలి. గదికి చెల్లించే డబ్బు ఆ ఇంటిని నిలబెట్టడానికి సాయపడుతుంది.